ఎక్స్‌పాన్షన్ పక్కా

నలభై మూడేళ్ల వయసులో ఒక కంప్యూటర్ ఆటకు కొత్త భాగం వస్తుందని ఎదురుచూస్తున్నట్టు నలుగురిలో చెప్పుకోవడం కష్టం. తాగుతానంటే మా వాళ్లకు అర్థమవుతుంది. పేకాట ఆడతానంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటారు. కంప్యూటర్‌లో కత్తులు పట్టుకున్న బొమ్మలను తిప్పుతానంటే మాత్రం ఏమీ అనరు, జాలిగా చూస్తారు. నాకు ఆ చూపు పడదు. దాన్ని తప్పించుకోవడానికి ఒకసారి నోరు మూసుకున్నాను. దాని ఫలితం నా మీద పడి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాడిని. నా షడ్డకుడి మీద పడింది.

షడ్డకుడంటే నా భార్య అక్క భర్త. నాకంటే రెండేళ్లు పెద్ద. నేను ఆయన్ను అన్నా అంటాను, ఆయన నన్ను తమ్ముడా అంటాడు. ఇద్దరం జహీరాబాద్‌లో ఒకే షెడ్డులో పనిచేశాం. ట్రాక్టర్ల బానెట్లకూ మడ్‌గార్డులకూ రంగు వేసే చిన్న షెడ్డు అది. నేను పర్మనెంట్, షిఫ్ట్ ఇన్‌చార్జిని. ఆయన కాంట్రాక్టు. పన్నెండేళ్లు స్ప్రే గన్ పట్టాడు. ఆయన గన్ పడితే రంగు ఎక్కడా కారేది కాదు, ఎక్కడా పలచబడేది కాదు. కొత్తగా వచ్చినవాళ్లను ఆయన పక్కన నిలబెట్టి, చూసి నేర్చుకోండని చెప్పేవాడిని. అంతకుమించి నేను నేర్పగలిగింది కూడా ఏమీ లేదు.

షెడ్డులో పర్మనెంట్ వాళ్లం తొమ్మిది మందిమి. ట్రాక్టర్లు బాగా అమ్ముడుపోయే రోజుల్లో కాంట్రాక్టు వాళ్లు ముప్పై మంది దాకా ఉంటారు. అమ్మకాలు తగ్గితే వాళ్లలో సగం మందికి బ్రేక్ ఇస్తారు. బ్రేక్ అంటే టీ తాగే విరామం అనుకునేరు. ఇంటికి పొమ్మని, పని వచ్చినప్పుడు పిలుస్తామని. తీసేశామని ఎవరూ అనరు, పిలుస్తామనే అంటారు. ఎప్పుడన్నది చెప్పరు. బ్రేక్ ఎవరికన్నది కాంట్రాక్టర్ మనిషి కాగితం మీద రాసి ఇస్తాడు. షిఫ్ట్ అయ్యాక అందరినీ నిలబెట్టి ఆ పేర్లు చదవడం నా వంతు. చదివేవాడిని చూస్తారు గానీ రాసినవాడిని ఎవరు చూస్తారు? అందుకని పన్నెండేళ్లుగా సగం ఊరి తిట్లు నాకే.

ఆ ఏడు చలికాలం మొదట్లో చదివిన కాగితంలో షడ్డకుడి పేరు ఉంది. అప్పటికి ఆయనకు బ్రేక్‌లు కొత్త కాదు, కానీ ఎప్పుడూ చదివే ముందు నాకు తెలిసేది. ఆ రోజు తెలియలేదు. చదువుతూ చదువుతూ ఆయన పేరు దగ్గర ఆగాను. ఆయనే తల ఊపాడు, చదువు అన్నట్టు. తర్వాత మాస్కు విప్పి మడిచి జేబులో పెట్టుకుని, మీ వదిన సర్వపిండి చేస్తానంది, సాయంత్రం పిల్లలను తీసుకుని రమ్మన్నాడు. వెళ్లాను. సర్వపిండి తిన్నాను. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఇక ఆట సంగతి. మూడేళ్ల కిందట నాకు కామెర్లు వచ్చి నెలన్నర ఇంట్లో పడుకున్నాను. బీదర్‌లో ఉండే నా పాత క్లాస్‌మేట్ చూడటానికి వచ్చి, మజ్జిగ అన్నం తింటూ గోడ చూస్తూ ఉంటే పిచ్చెక్కుతుందని తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చిపోయాడు. అందులో ఆ ఆట ఉంది. పాత రాజుల కాలం. మొదట నీ దగ్గర ముగ్గురో నలుగురో కిరాయి సైనికులు ఉంటారు. వాళ్లను వెంటేసుకుని ఊరూరూ తిరగాలి. ఊరి పెద్ద చెప్పిన పని చేయాలి, దొంగలను తరమడమో, బండ్లకు కాపలా పోవడమో. వచ్చిన దాంతో వాళ్లకు తిండి పెట్టాలి, కత్తులు కొనాలి, గాయాలకు కట్లు కట్టాలి. ఆ సైనికుల్లో వీరులెవరూ ఉండరు. ఒకడు చేపలు పట్టుకునేవాడు, ఒకడు గొర్లు కాసేవాడు, ఒకడు ఊళ్లోంచి వెళ్లగొట్టిన తాగుబోతు. వేరే దిక్కు లేక వచ్చినవాళ్లు.

ఆట మహా కఠినం. ఎంత జాగ్రత్తగా నడిపినా ఎవడో ఒకడు పోతాడు. చచ్చినవాడు చచ్చినట్టే, మళ్లీ లేవడు. వాడి పేరు ఒక జాబితాలోకి ఎక్కుతుంది, ఎన్నాళ్లు దండులో ఉన్నాడో, ఎవరి చేతిలో పోయాడో. కన్ను పోయినవాడు ఒంటికన్నుతోనే మిగతా రోజులన్నీ నడుస్తాడు. పోరులోకి పన్నెండు మందికి మించి దించలేం. ఆ పన్నెండు మందిని తయారుచేసుకోవడానికి నాకు నెలలు పట్టేది, పోగొట్టుకోవడానికి ఒక్క పొద్దు చాలేది. నేను మధ్యాహ్నం మొదలయ్యే బి-షిఫ్టులో ఉన్న వారాల్లో పిల్లలు బడికి పోయాక పొద్దున రెండు గంటలు దాని ముందు కూర్చునేవాడిని. నా భార్య ఊడ్చుకుంటూ వచ్చి, కాళ్లు ఎత్తమని, తెర వైపు ఒకసారి చూసి, "అందరు గెలవనీకి ఆడ్తరు, నువ్వు ఓడిపోనీకి గింత కష్టపడ్తవ్" అనేది. నేను కాళ్లు పైకెత్తుకుని ఆడుతూనే ఉండేవాడిని.

ఎందుకు ఆడేవాడినో నాకు ఇప్పుడు తెలుసు. షెడ్డులో నేను చదివే పేర్లు నేను రాసినవి కావు. ఆటలో రాసేదీ నేనే, చదివేదీ నేనే. ఎవడైనా పోతే అది నా తప్పే, ఇంకెవరి మీదా పెట్టడానికి లేదు. విన్నవాళ్లకు వింతగా ఉంటుందేమో గానీ నాకు అందులో కాస్త నెమ్మది దొరికేది.

ఆ ఆట చేసినవాళ్లు ఏదో దూరదేశంలో ఉంటారు. పదిమంది కూడా ఉండరనుకుంటాను. దానికి ఇంకో పెద్ద భాగం కలుపుతున్నామని, కొత్త ప్రాంతాలూ కొత్త రకం మనుషులూ వస్తారని ఒకసారి చెప్పారు. తర్వాత చాన్నాళ్లు ఉలుకూ పలుకూ లేదు. మధ్యలో ఒక బొమ్మ పెట్టారు, మంచు కొండల మధ్య దారి, దాని కింద మూడు వాక్యాలు. ఆ మూడు వాక్యాలను నేనూ బీదర్ మిత్రుడూ జాతకం చూసినట్టు చూసి అర్థాలు తీశాం. వాళ్లు దాన్ని ఎక్స్‌పాన్షన్ అన్నారు, మేమూ అదే మాట పట్టుకున్నాం. ఎక్స్‌పాన్షన్ ఎప్పుడొస్తుందో, వస్తే పాత దండుతోనే ఆడొచ్చో లేదో, పన్నెండు మంది లెక్క పెంచుతారో పెంచరో. ఫోన్ చేసుకుంటే ఇవే ముచ్చట్లు. ఇద్దరికీ బీపీ మాత్రలు మొదలైన వయసు మరి.

షడ్డకుడికి బ్రేక్ ఇచ్చిన రెండు నెలలకు, మాఘమాసంలో ఒక ఆదివారం, న్యాల్‌కల్ దగ్గర మా మామ చేనులో అల్లం తవ్వడానికి అందరం వెళ్లాం. అందరం అంటే నేను పేరుకు. కాసేపు పార పట్టుకుని నడుం పట్టేసిందని గట్టు మీద కూర్చున్నాను. షడ్డకుడు మాత్రం పొద్దుటి నుంచి వంచిన నడుం ఎత్తలేదు. పని లేనివాడు ఇంకొకరి చేనులో ఎట్లా పనిచేస్తాడో చూస్తే తెలుస్తుంది, తిన్న తిండికి ఎవరూ ఏమీ అనకూడదని చేస్తాడు. ఆడవాళ్లు వెనక నుంచి గడ్డలు ఏరి మట్టి దులిపి బస్తాల్లో పోస్తున్నారు. అప్పుడు నా ఫోన్ మోగింది. బీదర్ మిత్రుడు.

ఆ చేనులో సిగ్నల్ సరిగా ఉండదు. అరిస్తే తప్ప వినపడదు. వాడు అరిచిందేమో నాకొక్కడికే వినిపించింది, నేను అరిచింది చేనంతా వింది.

"పక్కానా? ఎక్స్‌పాన్షన్ పక్కానా?" అని అరిచాను. "కొత్తోళ్లను గూడ తీస్కుంటరా? ఎంతమందిని? పన్నెండుకు ఎక్కువనా? గదే గద మనం మొదటి నుంచి అడిగింది! మరి పాతోళ్లు? పాతోళ్లు అట్లనే ఉంటరు గద? సరే సరే, తారీఖు చెప్పంగనే ఫోన్ చెయ్యి."

ఫోన్ పెట్టేసరికి చేనులో పారల చప్పుడు లేదు. మట్టి దులుపుతున్న చేతులు కూడా ఆగాయి. నేను ఆ సంతోషంలో అదేమీ గమనించలేదు. మా మామ తలకు చుట్టుకున్న రుమాలు విప్పి మొహం తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"పక్కానేనా అల్లుడా?" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు ముచ్చటేసింది. ఇన్నాళ్లకు ఒక మనిషి నా ఆట గురించి అడిగాడనుకున్నాను. ల్యాప్‌టాప్ ముందు నన్ను చాలాసార్లు చూశాడు కదా, కూతురు చెప్పి ఉంటుంది కదా అనుకున్నాను. "పక్కానే మామా, తారీఖే తెల్వాలె" అన్నాను. మామ రుమాలు మళ్లీ చుట్టుకుని షడ్డకుడు తవ్వుతున్న వైపు పోయాడు.

మధ్యాహ్నం కంది చేను పక్కన కూర్చుని తింటున్నప్పుడు తెలిసింది. మటన్ వడ్డిస్తున్న వదిన నా పళ్లెంలో మూలుగ బొక్క వేసింది. అది ఎప్పుడూ మామకు వేసే ముక్క. నేను తలెత్తి చూస్తే ఆమె కళ్లలో నీళ్లున్నాయి. "మీ అన్న సంగతి జర నువ్వే చూస్కోవాలె" అంది. నేను ఫోన్‌లో అరిచిన ప్రతి మాటా మళ్లీ ఒక్కొక్కటిగా చెవుల్లో పడింది. కొత్తోళ్లను తీసుకుంటారు, పన్నెండుకు ఎక్కువ, పాతోళ్లు అట్లనే ఉంటారు.

మా దగ్గర ఎక్స్‌పాన్షన్ అంటే ఒకటే అర్థం. బడి మొహం చూడనివాళ్లకు కూడా తెలిసిన ఇంగ్లిషు మాట అది. కంపెనీ పెరుగుతుంది, కొత్త లైను పడుతుంది, మనుషులను తీసుకుంటారు. ఆ మాట మీద ఎంతమంది పెళ్లిళ్లు కుదిరాయో, ఎంతమంది పొలాల బేరాలు ఆగాయో. నా ఒక్కడికే దానికి ఇంకో అర్థం ఉంది, అది కూడా బీదర్ మిత్రుడి దగ్గర తప్ప చెల్లదు.

అక్కడే, ఆ పళ్లెం ముందే చెప్పేయాల్సింది. వదినా, అది షెడ్డు సంగతి కాదు, కంప్యూటర్‌లో ఆట అని. పదిహేను మంది ఉన్నారు. మామ ఉన్నాడు, మామ తమ్ముళ్లు ఉన్నారు, కూలికి వచ్చిన ఆడవాళ్లు ఉన్నారు. షిఫ్ట్ ఇన్‌చార్జి, ఇద్దరు పిల్లల తండ్రి, బొమ్మల సైన్యానికి కొత్త మనుషులు వస్తారని చేను దద్దరిల్లేలా అరిచాడని ఎట్లా చెప్పను? షడ్డకుడు నాకు ఎదురుగానే కూర్చుని తింటున్నాడు. నా వైపు చూసి కొంచెం నవ్వాడు, తొందరపెట్టనులే అన్నట్టు. రేపు మామ ఒక్కడికే చెబుదామనుకుని మూలుగ బొక్క చప్పరించాను. రేపు చెప్పలేదు. ఎల్లుండీ చెప్పలేదు.

మా అత్త నోట్లో నువ్వుగింజ నానదు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమనే రకాలు మా ఊళ్లలో తక్కువేమీ లేరు. వారం తిరిగేసరికి షెడ్డు గేటు ఎదుటి టీ కొట్టు దగ్గర బ్రేక్‌లో ఉన్నవాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. మా పేర్లు కూడా జర గుర్తుంచుకోండన్నారు. లేదని తెగేసి చెప్పడానికి ధైర్యం చాలక "చూద్దాం" అన్నాను. ఇన్‌చార్జి చూద్దాం అన్నాడంటే ఉన్నట్టేనట. అది నాకు తర్వాత తెలిసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కొత్త లైను ఎక్కడ పడుతుందో కూడా వాళ్లే తేల్చేసుకున్నారు.

ఇంకో పది రోజులకు నా భార్య చిక్కుడుకాయలు ఒలుస్తూ మామూలుగా ఒక మాట చెప్పింది. హుమ్నాబాద్‌లో బస్సులకు బాడీ కట్టే షెడ్డు వాళ్లు బావను పిలిచారట. పెయింటర్‌గా, పర్మనెంట్‌గా, ఉండటానికి గది కూడా ఇస్తారట. ఆయన ఆ రోజే ఫోన్ చేసి వద్దన్నాడట. ఇక్కడ ఎక్స్‌పాన్షన్ పక్కా అయ్యాక ఊరు విడిచి ఎందుకు పోవడమని. వాళ్లు మరునాడే ఇంకొకరిని పెట్టుకున్నారట. "మంచిగైంది, పిల్లగాండ్ల చదువు ఆగం గాకుండ ఉంటది" అంది నా భార్య. నేను లేచి చెప్పులేసుకుని బయటికి పోయాను. ఎక్కడికని అడిగితే అరిచాను. పాపం, ఆమెకేం తెలుసు. కుడితిలో పడ్డ ఎలుకలాగా హైవే పక్కన గంటసేపు అటూ ఇటూ తిరిగి వచ్చాను.

అప్పుడు కూడా వెళ్లి చెప్పలేదు. ఆ ఉద్యోగం ఎట్లాగూ పోయింది, ఇప్పుడు చెప్పి ఏం లాభమని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వచ్చే నెలలో నిజంగానే ఆర్డర్లు పెరిగి ఆయనను పిలుస్తారేమో, అప్పుడు నా అబద్ధం దానంతటదే నిజమైపోతుందేమో అని కూడా అనుకున్నాను. పిరికి మనిషికి వచ్చే ఆలోచనలు ఇట్లాగే ఉంటాయి. పని చేయకుండా తప్పు దిద్దుకోవాలని చూస్తాడు.

ఎండలు మొదలయ్యాక ఒక పొద్దున ఆట చేసినవాళ్లు మళ్లీ నాలుగు ముక్కలు రాశారు. ఎక్స్‌పాన్షన్ అనుకున్న వేళకు రావడం లేదు. ఎప్పుడు వస్తుందో ఇప్పుడే చెప్పలేరు. అయినప్పుడు అవుతుంది, ఓపిక పట్టినందుకు కృతజ్ఞతలు. కూర్చుని వచ్చీరాని ఇంగ్లిషులో పెద్ద ఉత్తరం రాశాను. తారీఖు చెప్పలేనివాళ్లు అసలు ఆశ ఎందుకు పెట్టాలి, మేం వేరే పనులు మానుకుని మీ మాట పట్టుకుని కూర్చున్నాం, ఏదో ఒకటి తేల్చి చెప్పడం కనీస మర్యాద కాదా అని. పంపే ముందు స్పెల్లింగులు చూద్దామని మొదటి నుంచి చదివాను. సగంలోనే ఆపేశాను. అందులో ఒక్క వాక్యం కూడా వాళ్లకు రాసినట్టు లేదు. షడ్డకుడు నాకు రాసినట్టుంది.

ఉత్తరం పంపలేదు. చొక్కా వేసుకుని బండి మీద షడ్డకుడి ఊరు మొగుడంపల్లి పోయాను.

ఆయన ఇంటి గేటుకు రంగు వేస్తున్నాడు. చేయి మరిచిపోకుండా ఉండాలని అప్పటికే మంచాలకూ కిటికీలకూ పక్కింటివాళ్ల గేటుకూ వేశాడట. బ్రష్షుతో వేసినా గన్‌తో కొట్టినంత నున్నగా ఉంది. నన్ను చూసి పీట జరిపాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. అన్నా, ఆ ఎక్స్‌పాన్షన్ షెడ్డుది కాదని మొదలుపెట్టి, కామెర్ల నుంచి చేను దాకా అంతా చెప్పాను. బీదర్ మిత్రుడి సంగతి, పన్నెండు మంది సంగతి, మామ అడిగినప్పుడు నేను ఏమనుకున్నానో ఆ సంగతి. ఆయన బ్రష్షు ఆపకుండా విన్నాడు. నేను చెప్పడం అయ్యాక బ్రష్షును థిన్నర్ డబ్బాలో పెట్టాడు.

"లిస్టుల నా పేరు లేదని సీదా చెప్పు తమ్ముడా" అన్నాడు. "నేనేమన్న అనుకుంటనా? గింత కత ఎందుకు?"

దీనికి నేను సిద్ధంగా లేను. కోప్పడతాడనుకున్నాను, ఛీ అంటాడనుకున్నాను. నమ్మడనుకోలేదు. ఎదిగిన మనిషి ఒక ఆట కోసం చేనులో అట్లా అరుస్తాడంటే నమ్మడం కంటే, లిస్టులో పేరు లేదని చెప్పలేక కథ అల్లాడని నమ్మడం ఆయనకు సులువైంది. అసలు లిస్టే లేదన్నా అన్నాను. ఆయన నా మంచితనానికి నవ్వాడు. చివరికి ఫోన్ తీసి, ఎప్పుడో ల్యాప్‌టాప్ తెరను తీసిపెట్టుకున్న ఫొటో చూపించాను. పన్నెండు మొహాలు, కట్లు కట్టిన తలలు, పగిలిన ముక్కులు. ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని ఫోన్ తీసుకున్నాడు. చాలాసేపు చూసి, ఒంటికన్ను మొహం ఒకదాని మీద వేలు పెట్టాడు.

"గీయన ఏం పని చేసెటోడు?"

గొర్లు కాసేవాడని చెప్పాను. కన్ను ఏమైందన్నాడు. కొట్లాటలో పోయిందన్నాను. అయినా ఉంచుకున్నావా అన్నాడు. ఉంచుకున్నానన్నాను.

"వీళ్లకు జీతం?"

"రోజు ఇయ్యాలె అన్నా."

"పని లేని రోజు?"

"ఆ రోజు గూడ ఇయ్యాలె" అన్నాను. "లేకుంటే ఎల్లిపోతరు."

ఆయన ఫోన్ నా చేతిలో పెట్టాడు. "మంచి కంపెనీ" అన్నాడు.

వదిన టీ తెచ్చింది. ఆయన నన్ను చల్లారకముందే తాగమన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. తిట్లు తినడం నాకు అలవాటే, దానికి షెడ్డులో పన్నెండేళ్ల తర్ఫీదు ఉంది. ఆయన ఇంకో పని చేశాడు. కంపెనీవాళ్లు ఎక్స్‌పాన్షన్ ఆపేశారట, తమ్ముడు పాపం ఇంటికి వచ్చి మరీ చెప్పాడని మామకూ వదినకూ తనే చెప్పాడు. చేనులో నేను అరిచింది ఆట గురించని ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో ఆ సంగతి తెలిసినవాళ్లు ఇవాళ్టికీ ఎవరూ లేరు. నా పరువు కాపాడింది ఆయనే, అది నాకు మోయలేనంత బరువుగా ఉంది.

ఉగాది పోయాక ఆయన తెలిసిన లారీ డ్రైవర్ ద్వారా షోలాపూర్ వెళ్లాడు. ఏదో గోదాములో సిమెంటు బస్తాలు దించే పని. నేను అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడిని. బాగానే ఉంది, ఉక్కపోత ఎక్కువ అనేవాడు. వీపు సంగతి అడిగితే మాట మార్చేవాడు.

వానలు పడ్డాయి. ట్రాక్టర్లు కదిలాయి. జూన్‌లో ఒక శనివారం సాయంత్రం కాంట్రాక్టర్ మనిషి నా దగ్గరికి వచ్చి ఎనిమిది మందిని పిలవాలన్నాడు. అన్నేళ్లలో మొదటిసారి నేనే ఒక పేరు చెప్పాను, షడ్డకుడిది, మొదటి పేరు ఇదే రాయమని కూర్చున్నాను. వాడు నా మొహం చూసి ఏమనుకున్నాడో, రాశాడు. సోమవారం పొద్దున ఏడింటికల్లా రెండు ఫొటోలతో మనిషి స్వయంగా గేటు దగ్గర ఉండాలి, లేకపోతే పాసు ఇంకొకరికి పోతుందన్నాడు. నేను అక్కడి నుంచే షోలాపూర్‌కు ఫోన్ చేశాను. ఆనందంతో గొంతు పెద్దదైనట్టుంది. ఆయన మొత్తం విన్నాడు.

"తమ్ముడా, గిది నీ ఆటల ముచ్చటనా, షెడ్డు ముచ్చటనా?"

వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. షెడ్డుదే అన్నా, ఒట్టు అన్నాను. ఆయనేమో, ఇక్కడ చెప్పకుండా కదిలితే ఈ పని కూడా పోతుందని, ఎవరినైనా ఒకమాట అడిగి చూస్తానని అన్నాడు. నేను ఒట్టు వేస్తే నమ్మే రోజులు పోయాయని నాకు అర్థమైంది. ఆదివారం రెండుసార్లు చేశాను. ఎత్తలేదు.

సోమవారం ఆరున్నరకే గేటు దగ్గర నిలబడ్డాను. ఏడుగురు వచ్చారు. ఏడు దాటింది. కాంట్రాక్టర్ మనిషిని బతిమాలి ఎనిమిది దాకా ఆపాను. బయట ముప్పై మంది నిలబడి ఉన్నారు సార్, నన్నేం చేయమంటారన్నాడు. వాడి తప్పేమీ లేదు. ఎనిమిదో పాసు మీద ఇంకొకరి ఫొటో అంటించి స్టాంపు కొట్టాడు. ఆ కుర్రవాడు నా కాళ్లు మొక్కబోయాడు, వద్దన్నాను. లోపలికి వెళ్లి లైను మొదలుపెట్టించాను.

తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. ఆ ఏడుగురిలో ఉన్న తన పాత జతగాడికి ఆయన ఫోన్ చేశాడట. వాడు పాసు చేతిలో పట్టుకుని, నిజమేనని, తను లోపలే ఉన్నానని చెప్పాడట. ఆ మాట వినగానే బస్తాలు అక్కడే వదిలేసి, ఎవరికీ చెప్పకుండా బస్టాండుకు వచ్చేశాడు.

"బస్సెక్కిన తమ్ముడా" అన్నాడు. ఇన్ని నెలల్లో ఆయన గొంతులో అంత ఉత్సాహం నేను వినలేదు. "పక్కానే అంట గద. ఏడు దాటింది గని నా పాసు నువ్వు ఆపించే ఉంటవ్. నువ్వు చెప్పినప్పుడే రావల్సుండె. జర అనుమానపడ్డ, మనసుల పెట్టుకోకు."

ఈసారి నేను ఆలస్యం చేయలేదు. పాసు ఇంకొకరికి పోయిందని ఆ మాట మీదే చెప్పేశాను. తర్వాత ఆయన గొంతు ఫోన్‌కు కాస్త దూరంగా వినిపించింది. కండక్టర్‌తో మరాఠీలో బస్సు ఆపమని అంటున్నాడు.